కారును అడుగు నుంచి చూసి కొనండి

సంపాదకుల వారికి,

అయ్యా,

కారు కొనాలనుకున్న ప్రతి ఇంట్లోనూ ఇప్పుడు ఒకటే తర్జనభర్జన. కరెంటు కారు మన్నుతుందా, పెట్రోలు కారే గట్టిదా? షోరూంకి వెళ్లినవారు డోరు వేసి చప్పుడు వింటారు. బానెట్ మీద బొటనవేలితో నొక్కుతారు. రేకు లోపలికి దిగితే పల్చన అని తేల్చేస్తారు. శ్రీకాకుళంలో కార్ల మరమ్మతు, టింకరింగ్ పనుల్లో ఉన్న మేము ఈ రెండు పరీక్షలనూ నమ్మవద్దని మీ పత్రిక ద్వారా పాఠకులకు చెప్పదలిచాం. కారు గట్టిదనం తెలియాలంటే దాన్ని లిఫ్టు మీద ఎత్తించి కింద నుంచి చూడాలి. మన ఉప్పుగాలికి, మన ఊళ్ల స్పీడ్ బ్రేకర్లకి, మన వానలకి ఏ కారు ఎక్కడ దెబ్బతింటుందో కొనేముందే తెలిసి ఉండాలి.

ముందు రేకు సంగతి. పెట్రోలు కారైనా కరెంటు కారైనా పైకి కనిపించే రేకు మందం ఇంచుమించు 0.65 నుంచి 0.8 మిల్లీమీటర్లే. బానెట్‌ని కావాలనే మెత్తగా చేస్తారు. పాదచారి తల తగిలితే అది వంగాలి, లేకపోతే ప్రాణం పోతుంది. లోపల కూర్చున్నవారిని కాపాడేవి రేకు వెనకున్న భాగాలు: డోర్ల మధ్య నిలబడే బీ పిల్లరు, డోరు లోపలి అడ్డ కడ్డీ, డోర్ల కింద పొడవునా సాగే సిల్లు, ముందువైపు రెండు ఛాసిస్ కొమ్ములు. మంచి కార్లలో బీ పిల్లరుకి వేడిమీద అచ్చుపోసిన ఉక్కు వాడతారు. దాని బలం మామూలు రేకుకి నాలుగైదు రెట్లు. డోరు వేసినప్పుడు బరువైన చప్పుడు రావడానికి కారణం లోపల అంటించిన తారు షీటు, చుట్టూ ఉన్న రబ్బరు బీడింగ్. ఆ షీటు ఊడబెరికితే అదే డోరు డొల్లగా మోగుతుంది, బలం మాత్రం ఇసుమంత తగ్గదు.

ఢీకొట్టి చూసే పరీక్షల లెక్కలు ఇందుకు సాక్ష్యం. మన దేశంలో కొత్త కార్లని ఢీకొట్టి 5 దాకా నక్షత్రాలిచ్చే భారత్ ఎన్‌క్యాప్ 2023 అక్టోబరు 1 నుంచి అమల్లోకి వచ్చింది. కారును గంటకు 64 కిలోమీటర్ల వేగంతో ముందువైపు ఒక పక్కగా అడ్డుగోడకి కొడతారు. పక్క నుంచి 50 కిలోమీటర్ల వేగంతో బండిని గుద్దిస్తారు. 29 కిలోమీటర్ల వేగంతో పక్కవాటుగా స్తంభానికి కొడతారు. టాటా నెక్సాన్ రెండు రకాలుగానూ దొరుకుతుంది కాబట్టి పోలిక సులువు. పెద్దల రక్షణలో 32 మార్కులకి పెట్రోలు నెక్సాన్‌కి 29.41, కరెంటు నెక్సాన్‌కి 29.86 వచ్చాయి. అంతకుముందు విదేశీ సంస్థ గ్లోబల్ ఎన్‌క్యాప్ పరీక్షలో టిగోర్ పెట్రోలు కారుకి 17కి 12.52, కరెంటు టిగోర్‌కి 12.00 వచ్చాయి, రెండింటికీ 4 నక్షత్రాలే. ఇక మహీంద్రా ఎక్స్ఈవీ 9ఈ భారత్ ఎన్‌క్యాప్‌లో 32కి 32 తెచ్చుకుంది. సిట్రోయెన్ ఈసీ3కి 2024లో గ్లోబల్ ఎన్‌క్యాప్ పెద్దల రక్షణలో సున్నా నక్షత్రాలు ఇచ్చింది. ఇవి రెండూ కరెంటు కార్లే. అంటే బాడీ బలం మోడల్‌ని బట్టి మారుతుంది, ఇంధనాన్ని బట్టి మారదు. కొనే మోడల్ పేరు పెట్టి, ఏ ఏడాది పరీక్షో, ఎన్ని ఎయిర్‌బ్యాగులున్న కారుని పరీక్షించారో అడగండి. అదే పేరుతో ఉన్న పాత మోడల్ నక్షత్రాలు చూపించి కొత్తది అమ్మితే ఒప్పుకోవద్దు.

అయితే పరీక్షకి తెచ్చే కారు కొత్తది. దానికి తుప్పు ఉండదు. మన శ్రీకాకుళం జిల్లాకి 193 కిలోమీటర్ల తీరం ఉంది. బారువ, భావనపాడు, కళింగపట్నం వైపు, నౌపడ ఉప్పుమళ్ల చుట్టుపక్కల, విజయనగరం జిల్లాలో పూసపాటిరేగ, భోగాపురం తీరం వెంబడి తిరిగే కారుకి అసలు పరీక్ష అక్కడ మొదలవుతుంది. ఉప్పు గాలిలోని తేమని లాక్కుని పట్టి ఉంచుతుంది. పైకి ఆరినట్టు కనిపించినా ఉప్పు పొర కింద రేకు తడిగానే ఉంటుంది.

పెట్రోలు కారులో ముందు పోయేది సైలెన్సర్. లీటరు పెట్రోలు మండితే దాదాపు లీటరు నీరు పుడుతుంది. దూరప్రయాణంలో సైలెన్సర్ బాగా కాగి ఆ నీరు ఆవిరిగా బయటికి పోతుంది. ఇంటి నుంచి బజారుకి, బజారు నుంచి బడికి రెండేసి కిలోమీటర్లు తిరిగే కారులో అది కాగేలోపే ఇంజన్ ఆపేస్తారు. నీరు లోపలే నిలిచి, సైలెన్సర్ లోపలి నుంచి బయటికి తుప్పు పడుతుంది. బయట ఉప్పు, లోపల నీరు కలిసి ముందుగా అతుకుల దగ్గర, వేలాడదీసే హుక్కుల దగ్గర తినేస్తాయి. ఆ తర్వాత బ్రేకు పైపులు, పెట్రోలు పైపులు, ట్యాంకుని పట్టి ఉంచే పట్టీలు. 2023 ఏప్రిల్‌కి ముందు తయారైన చాలా కార్ల రబ్బరు పైపులు 20 శాతం ఇథనాల్ పెట్రోలుని ఉద్దేశించి చేసినవి కావు. అలాంటి పాత కారు ఉన్నవారు పైపుల మీద పగుళ్లు, పెట్రోలు వాసన సర్వీసు చేయించిన ప్రతిసారీ చూపించుకోవాలి.

కరెంటు కారుకి సైలెన్సర్ లేదు, పెట్రోలు ట్యాంకు లేదు. ఆ మేరకు అదృష్టమే. కానీ దాని అడుగున ముందు చక్రాల నుంచి వెనక చక్రాల దాకా బ్యాటరీ పెట్టె పరుచుకుని ఉంటుంది. చాలా మోడళ్లలో ఆ పెట్టె అల్యూమినియంది, దాన్ని మోసే బాడీ ఉక్కుది, బోల్టులు ఉక్కువి. ఈ రెండు లోహాలు ఆనుకుని ఉన్నచోట ఉప్పునీరు చేరితే అల్యూమినియం మెల్లగా కరిగిపోతుంది. ఉక్కు తుప్పులా ఎర్రగా కనిపించదు కాబట్టి చాలామంది గమనించరు. బోల్టు తల చుట్టూ తెల్లటి పొడి, పెట్టె అంచు వెంబడి పెయింటు బుడగలు కనిపిస్తే అదే. కంపెనీలు ఆ బోల్టులకి ప్రత్యేకమైన పూత వేస్తాయి, మధ్యలో వాషర్లు పెడతాయి. బ్యాటరీ దించి ఎక్కించినప్పుడు పాత బోల్టులే బిగించేస్తే ఆ పూత పోయినట్టే. కొత్త బోల్టులు వేసి, టార్క్ రెంచితో కంపెనీ చెప్పిన బిగువుకే బిగించారా లేదా అని బిల్లులో చూసుకోండి. బోల్టుల ధర కనిపించకపోతే కారణం అడగండి.

సిల్లు విషయంలో రెండు కార్లకీ పెద్ద తేడా ఉంది. పెట్రోలు కారు సిల్లుకి తుప్పు పట్టి చిల్లు పడితే టింకరింగ్ షాపులో ఆ ముక్క కోసి కొత్త రేకు అతికించి వెల్డింగ్ చేస్తారు. అది కూడా సరైన పద్ధతి కాదుగానీ బండి నడుస్తుంది. కరెంటు కారులో సిల్లు బ్యాటరీకి గోడ. పక్క నుంచి గుద్దుకున్నప్పుడు దెబ్బ బ్యాటరీదాకా పోకుండా ఆపేది అదే. దానికి తుప్పు పట్టనివ్వకూడదు. సిల్లు అడుగున నీరు కారిపోవడానికి చిన్న చిన్న రంధ్రాలు ఉంటాయి. మట్టిరోడ్డు బురదతో అవి మూసుకుపోతే లోపల నీరు నిలుస్తుంది. వానాకాలం ముందు ఒకసారి, తర్వాత ఒకసారి ప్లాస్టిక్ ట్యాగు దూర్చి వాటిని తెరవాలి. ఇనుప తీగ వాడితే లోపలి మైనం పూత గీసుకుపోతుంది. డోర్ల అడుగు అంచున కూడా ఇలాంటివే ఉంటాయి. రెండు రకాల కార్లకీ ఈ పని ఒకటే, ఖర్చు లేనిది.

అండర్ కోటింగ్ అని నల్లటి పూత అమ్ముతారు. పెట్రోలు కారుకి, కడిగి పూర్తిగా ఆరబెట్టిన తర్వాత వేస్తే మంచిదే. ఉప్పు మీదే వేస్తే తుప్పుని లోపల దాచిపెట్టినట్టవుతుంది. కరెంటు కారు బ్యాటరీ పెట్టె మీద మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ వేయనివ్వకండి. పెట్టెకి గాలి సర్దుబాటు కోసం ఒక చిన్న వెంట్ ఉంటుంది, అది మూసుకుపోతుంది. బోల్టుల చుట్టూ తెల్లపొడి, దెబ్బ తగిలిన సొట్ట, కూలెంట్ (బ్యాటరీని చల్లబరిచే ద్రవం) తడి ఏవీ కనిపించకుండా పోతాయి. దాని బదులు తీరం వైపు తిరిగే కారుని వారానికోసారి, మిగతా కార్లని నెలకోసారి మంచినీటితో అడుగు కడిగితే చాలు. ప్రెషర్ గన్‌ని ఎక్కువ వోల్టేజి మోసే నారింజ రంగు వైర్లకి, వాటి కనెక్టర్లకి గురిపెట్టకూడదు.

స్పీడ్ బ్రేకర్ల గురించి కాస్త ఎక్కువే చెప్పాలి. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ప్రమాణం ప్రకారం గుండ్రటి స్పీడ్ బ్రేకర్ వెడల్పు 3.7 మీటర్లు, ఎత్తు 10 సెంటీమీటర్లు. గంటకు 25 కిలోమీటర్ల వేగంతో దాటడానికి అది సరిపోతుంది. మన ఊళ్లలో చాలాచోట్ల ఎవరికి తోచినట్టు వారు ఒక అడుగు వెడల్పున సిమెంటు దిమ్మ కట్టేస్తున్నారు. టెక్కలి వైపు గ్రానైట్ లారీలు తిరిగే దారుల్లో చక్రాల జాడలు లోతుగా దిగి, మధ్య గట్టు లేచి ఉంటుంది. పెట్రోలు కారు అక్కడ గీసుకుంటే సైలెన్సరో, ఇంజన్ ఆయిల్ సంపో తగులుతుంది. ఆయిల్ కారితే నేల మీద మరక పడుతుంది, యజమానికి తెలుస్తుంది, సంప్ మార్చుకుంటాడు. కరెంటు కారులో తగిలేది బ్యాటరీ పెట్టె. దాని అడుగున రక్షణ పలక ఉంటుందిగానీ, ఐదుగురు ఎక్కి డిక్కీ నింపి దిమ్మ మీద కూలబడితే ఆ పలక సొట్టపోతుంది. లోపలివైపు కూలెంట్ ప్రవహించే పలక ఉన్న మోడళ్లలో ఆ సొట్ట దాన్ని నొక్కుతుంది. అప్పటికప్పుడు ఏమీ తెలియదు. వారాలు గడిచాక కూలెంట్ డబ్బాలో మట్టం తగ్గడం మొదలవుతుంది, నేల మీద మాత్రం చుక్క పడదు. అంటే కూలెంట్ లోపలికి కారుతోందన్నమాట. అలాంటప్పుడు పైన కూలెంట్ పోసి నడపకూడదు, చార్జింగ్ పెట్టకూడదు. కారుని ఆరుబయట నిలిపి కంపెనీవాళ్లని పిలవాలి.

గట్టిగా తగిలిందనిపిస్తే అదే వారంలో కారు ఎత్తించి ఫోటోలు తీసి పెట్టుకోండి. ఎంత లోతు సొట్టదాకా వదిలేయవచ్చో, ఎంత దాటితే పెట్టె మార్చాలో కంపెనీ మరమ్మతు పుస్తకంలో రాసి ఉంటుంది. ఆ కొలత అడిగి తెలుసుకోండి. బ్యాటరీకి సాధారణంగా 8 ఏళ్లు లేదా 1,60,000 కిలోమీటర్ల వారంటీ ఇస్తారు. అది తయారీ లోపానికి, సామర్థ్యం తగ్గడానికి. కింద తగిలిన దెబ్బ వారంటీలోకి రాదు, బీమా కిందకి వస్తుంది. పాలసీలో బ్యాటరీకి ఎంత తరుగు కోస్తారో ముందే చదువుకోండి.

దిమ్మలకంటే ఎక్కువ కీడు చేసేది పంక్చర్ షాపు జాకీ. పెట్రోలు కారుకి సబ్‌ఫ్రేమ్ కింద ఎక్కడో ఒకచోట జాకీ పెట్టి ఎత్తే అలవాటు మన దారిపక్క షాపులన్నింటిలో ఉంది. కరెంటు కారుని అలా ఎత్తితే జాకీ నేరుగా బ్యాటరీ పెట్టెని పొడుస్తుంది. జాకీ పెట్టే చోటు సిల్లు కింద నాలుగే నాలుగు. అక్కడ బాణం గుర్తో, గాడో ఉంటుంది. గాడి ఉన్న రబ్బరు దిమ్మ మధ్యలో పెట్టి ఎత్తాలి. రెండు స్తంభాల లిఫ్టు ఉన్న గ్యారేజీల్లోనూ చేతులు పెట్టె అంచుకి తగలకుండా చూసి, చక్రాలు నేల విడవగానే ఆపి మళ్లీ ఒకసారి వంగి చూసి, ఆ తర్వాతే పైకి ఎత్తాలి. కరెంటు కార్ల యజమానులు ఆ రబ్బరు దిమ్మని డిక్కీలో ఉంచుకుని పంక్చర్ షాపులో దగ్గరుండి చూసుకోవాలి.

నీటి సంగతికి వస్తే, ఐపీ 67 అని బ్యాటరీ మీద రాసి ఉంటుంది. దాని అర్థం మీటరు లోతు మంచినీటిలో అరగంట ఉంచితే లోపలికి నీరు చేరదని. కొత్త గాస్కెట్‌తో, కదలని నీటిలో చేసే పరీక్ష అది. పొంగిన గెడ్డలోకి దిగవచ్చన్న అనుమతి కాదు. పెట్రోలు కారు గాలి గొట్టం దాకా నీరొస్తే ఇంజన్ నీరు తాగి కనెక్టింగ్ రాడ్ వంగుతుంది, బండి అక్కడే ఆగిపోతుంది. కరెంటు కారుకి ఆ గొట్టం లేదు కాబట్టి ఇంకా లోపలికి వెళ్లగలుగుతుంది, అందుకే నడిపేవాడికి తెగింపు వస్తుంది. ఎక్కువ లోతులో రెండు కార్లూ తేలి కొట్టుకుపోయేవే. 2014లో హుద్‌హుద్, 2018లో తిత్లీ చూసిన మన జిల్లాలకి సముద్రపు నీరు ఇళ్లమీదికి రావడం కొత్త కాదు. ఉప్పునీటిలో మునిగిన కరెంటు కారు ఎండిన తర్వాత కూడా, రోజులు గడిచాక కూడా అంటుకోవచ్చు. 2022లో అమెరికాలోని ఫ్లోరిడాలో ఇయాన్ తుపాను తర్వాత ఇలా జరిగింది. మునిగిన కారుని చార్జింగ్ పెట్టకుండా, స్టార్ట్ చేయకుండా ఇంటికి, పశువుల శాలకి, గడ్డివాములకి కనీసం 15 మీటర్ల దూరాన ఉంచాలి. ఆ తర్వాత బ్యాటరీ తీగలకి, బాడీకి మధ్య ఇన్సులేషన్ నిరోధం (కరెంటు బాడీకి పాకకుండా ఆపే బలం) కొలిపించాలి. నిబంధనల ప్రకారం వోల్టుకి కనీసం 100 ఓములు ఉండాలి. అంటే 350 వోల్టుల బ్యాటరీకి 35 వేల ఓములు. ఇది అట్టడుగు హద్దు మాత్రమే. ఆరోగ్యంగా ఉన్న కారు లక్షల ఓముల్లో చూపిస్తుంది. ఆ అంకె కాగితం మీద రాయించుకోండి.

బరువు విషయం. ఒకే బాడీలో పెట్రోలు కారుకంటే కరెంటు కారు 200 నుంచి 300 కిలోల దాకా ఎక్కువ తూగుతుంది. ఆ బరువంతా చక్రాలని బాడీకి కలిపే లోయర్ ఆర్మ్ బుష్‌లు, బాల్ జాయింట్లు, లింక్ రాడ్లు, టైర్ల మీదే. టైర్ మార్చేటప్పుడు సైజు ఒక్కటే చూస్తే చాలదు. సైజు పక్కన ఉండే లోడ్ అంకె చూడాలి. 95 అంటే ఒక టైరు 690 కిలోలు మోస్తుంది, 99 అంటే 775 కిలోలు. కంపెనీ 99 వేసి ఇచ్చిన కారుకి చవకగా వస్తోందని 95 వేయిస్తే పక్క గోడలు ఉబ్బుతాయి. మోటారు ఒక్కసారిగా లాగుతుంది కాబట్టి అది తిప్పే టైర్లు తొందరగా అరుగుతాయి. 8 నుంచి 10 వేల కిలోమీటర్లకి ముందువి వెనక్కి, వెనకవి ముందుకి మార్చాలి.

బ్రేకుల్లో లెక్క తిరగబడుతుంది. పెట్రోలు కారులో ప్యాడ్లు అరుగుతాయి. కరెంటు కారులో మోటారే వేగం తగ్గించి బ్యాటరీకి కరెంటు తిప్పి పంపుతుంది కాబట్టి ప్యాడ్లు అంతగా అరగవు, డిస్కులు తుప్పు పడతాయి. మన ఉప్పుగాలికి వెనక బ్రేకులు మరీ తొందరగా బిగుసుకుంటాయి. ప్యాడ్లని డిస్కుకి నొక్కే క్యాలిపర్ జారే పిన్నులు పట్టేసి, ఒక పక్క ప్యాడ్ మాత్రమే డిస్కుని ఒరుసుకుంటుంది, చక్రం వేడెక్కుతుంది, ఒక చార్జింగ్‌కి నడిచే దూరం తగ్గుతుంది. దీనికి మందు రెండు పనులు. వారానికి ఒకసారి ఖాళీ రోడ్డు మీద, వెనక బండి ఏదీ లేనప్పుడు, మోటారు బ్రేకుని (రీజెన్) సున్నాకి పెట్టి 60 వేగం నుంచి 20కి నాలుగైదుసార్లు గట్టిగా బ్రేకు వేయాలి. ఏడాదికి ఒకసారి క్యాలిపర్ విప్పించి పిన్నులు శుభ్రం చేసి సిలికోన్ గ్రీజు రాయించాలి. మామూలు చక్రాల గ్రీజు రాస్తే రబ్బరు తొడుగులు ఉబ్బి మళ్లీ పట్టేస్తాయి. బ్రేకు ఆయిల్ రెండేళ్లకోసారి రెండు రకాల కార్లకీ మార్చాల్సిందే.

ఘాట్ రోడ్డుకి పోయేవారికి ఒక మాట. అరకులో రాత్రంతా చార్జింగ్ పెట్టి 100 శాతం నింపి పొద్దున్నే శృంగవరపుకోట వైపు దిగితే, నిండిన బ్యాటరీ ఇంకా కరెంటు తీసుకోదు. మోటారు బ్రేకు పనిచేయదు. 300 కిలోల అదనపు బరువుని తుప్పు పట్టిన డిస్కులే ఆపాలి. 80 శాతం దగ్గరే చార్జింగ్ ఆపేయండి, దిగేటప్పుడు కొంత అదే నిండుతుంది. పెట్రోలు కారైతే రెండో గేరులో దిగడం అందరికీ తెలిసిందే.

డ్యాష్‌బోర్డు కిరకిరల గురించి చాలామంది అడుగుతుంటారు. ఇంజన్ చప్పుడు లేని కారులో డోరు ప్యాడ్ క్లిప్పు, సీటు బెల్టు బకిల్, వెనక ట్రే అన్నీ వినబడతాయి. అదే క్లిప్పు పెట్రోలు కారులోనూ మోగుతుంది, ఇంజన్ మోత దాన్ని కప్పేస్తుంది. ఫెల్ట్ టేపుతో పోయేవి అవి. కింద నుంచి వచ్చే టకటక మాత్రం వేరు. దాన్ని వదిలేయకూడదు, లింక్ రాడ్ చూపించాలి.

ఎలక్ట్రానిక్స్‌లో కరెంటు కార్లు ఇంకా కుదురుకోలేదన్నది నిజం. అమెరికాలోని కన్స్యూమర్ రిపోర్ట్స్ సంస్థ 2023లో యజమానుల సమాచారం తీసుకుని, కరెంటు కార్లలో సమస్యలు పెట్రోలు కార్లకంటే సగటున 79 శాతం ఎక్కువని తేల్చింది. మరుసటి ఏడాది ఆ తేడా 42 శాతానికి దిగింది. పెద్ద బ్యాటరీ బాగున్నా 12 వోల్టుల చిన్న బ్యాటరీ దిగిపోతే కరెంటు కారు కూడా కదలదు, పెద్ద బ్యాటరీని మోటారుకి కలిపే లోపలి స్విచ్చులు దాంతోనే పనిచేస్తాయి. మీటరు పెట్టి చూస్తే 12.6 ఉంటే నిండుగా ఉన్నట్టు, 12.2కి దిగితే సగం, 11.8 అంటే ఖాళీ. కారుని నెలల తరబడి నిలిపి ఉంచే, విదేశాల్లో ఉద్యోగాలు చేసేవారి ఇళ్లలో ఇది తరచుగా వచ్చే తంటా.

మరమ్మతు చేసే తోటివారికి కూడా కొన్ని మాటలు చెప్పాలి. కరెంటు కారు ఏసీ కంప్రెసర్ పెద్ద బ్యాటరీ వోల్టేజితో నడుస్తుంది. దానికి వాడేది కరెంటు పారనివ్వని పీఓఈ ఆయిల్. పెట్రోలు కార్లకి వాడిన గ్యాస్ మెషిన్‌నే తగిలిస్తే గొట్టంలో మిగిలిన, పెట్రోలు కార్ల ఏసీకి వాడే పీఏజీ ఆయిల్ కొద్దిగా లోపలికి పోయినా చాలు, ఇన్సులేషన్ దెబ్బతిని కారు ఎర్రలైటు చూపిస్తుంది, కంప్రెసర్ మార్చాల్సి వస్తుంది. మెషిన్ వేరుగా లేనివారు ఆ పని ఒప్పుకోవద్దు. వెల్డింగ్ ఉన్న టింకరింగ్ పనికి ముందు 12 వోల్టుల బ్యాటరీ తీగ విప్పి, పెద్ద బ్యాటరీ కరెంటుని తెంపే సర్వీస్ ప్లగ్ లాగి, కంపెనీ చెప్పినంత సేపు ఆగి, 1000 వోల్టులకి పనికొచ్చే మీటరుతో వోల్టేజి 60కి దిగువన ఉందని చూసుకోవాలి. చేతికి 1000 వోల్టుల గ్లవ్స్ ఉండాలి, వాటికి చిల్లు ఉందేమో ప్రతిసారీ గాలి ఊది చూడాలి. పెయింటు బూత్‌లో 60 డిగ్రీల దగ్గర అరగంట కాల్చడం మామూలు. బ్యాటరీ కారులోనే ఉంచి ఎంత వేడి, ఎంతసేపు పెట్టవచ్చో కంపెనీ హద్దు చెబుతుంది. అది దాటాలంటే బ్యాటరీ దించాల్సిందే.

పాత కారు కొనేవారు పెయింటు మందం కొలిచే మీటరు ఉన్న మనిషిని తీసుకెళ్లండి. కంపెనీ పెయింటు దాదాపు 90 నుంచి 150 మైక్రాన్లు ఉంటుంది. 200 దాటితే మళ్లీ వేసినట్టు, 500 దాటితే కింద పుట్టీ ఉన్నట్టు. డోర్ల సందులు రెండు పక్కలా సమానంగా ఉన్నాయో లేదో చూడండి. కరెంటు కారైతే ఆ తర్వాత తప్పకుండా లిఫ్టు ఎక్కించి, పెట్టె అడుగు, అంచులు, బోల్టులు, జాకీ చోట్లు, నారింజ వైర్ల తొడుగులు చూడండి. బ్యాటరీ ఆరోగ్యం శాతం, ఇన్సులేషన్ అంకె స్కానర్ నుంచి ప్రింటు తీయించండి. పెట్రోలు కారైతే సైలెన్సర్ అతుకులు, సిల్లు, బ్రేకు పైపులు, వెనక చక్రాల పైన లోపలి గూడు చూడండి.

ఈ లేఖ ద్వారా మేము కోరేవి నాలుగు పనులు. రోడ్లు, భవనాల శాఖ, పంచాయతీలు ఊరి నడిబొడ్డున కట్టిన దిమ్మలని కొలిచి, 3.7 మీటర్ల వెడల్పు, 10 సెంటీమీటర్ల ఎత్తు ప్రమాణానికి తేవాలి. మా జిల్లాల్లో కార్లు అమ్మే షోరూంలు ప్రతి సర్వీసులోనూ బ్యాటరీ పెట్టె అడుగు ఫోటో, కూలెంట్ మట్టం, ఇన్సులేషన్ అంకె బిల్లుతో పాటు ఇవ్వాలి. కరెంటు కారు చెడిపోతే మోటారు ఉన్న చక్రాలు నేల మీద దొర్లించి లాక్కెళ్లకూడదు, నాలుగు చక్రాలూ ఎత్తే ఫ్లాట్ బెడ్ కావాలి. ఇచ్ఛాపురంలో కారు ఆగితే విశాఖ రెండు వందల కిలోమీటర్ల పైమాటే. కనీసం పలాసలో ఒకటి, శ్రీకాకుళంలో ఒకటి, బొబ్బిలిలో ఒకటి కంపెనీలన్నీ కలిసి పెట్టాలి. ఐటీఐల్లో మోటారు మెకానిక్ చదివే పిల్లలకి గ్లవ్స్, 1000 వోల్టుల మీటరు చేతికిచ్చి, సర్వీస్ ప్లగ్ తీసే పని ఒక్కొక్కరి చేతా చేయించాలి.

ఇట్లు,
కార్ల మెకానిక్‌లు, టింకరింగ్ పనివారు,
శ్రీకాకుళం.